మూలమూలా కనబడాలి

ఆమె కెమెరాల షాపులోకి వచ్చేసరికి యజమాని భోజనం ముగించి, కుర్చీలోనే చిన్న కునుకు తీసే ప్రయత్నంలో ఉన్నాడు. గోడ మీది నాలుగు టీవీల్లో నాలుగు వైపుల నుంచి ఆమె ఒకేసారి కనబడింది. నలగని బట్టలు, భుజాన సంచి, పరీక్ష హాల్లోకి అడుగుపెట్టిన మనిషి ముఖం.

"ఇంట్లోకి కెమెరాలు కావాలండీ. బయట ఎక్కడున్నా ఫోన్లో ఇల్లు కనబడాలి."

అతని నిద్ర ఎగిరిపోయింది. దొంగల భయమా అని అడిగాడు. కాదంది. ఏడు నెలల పాప ఉందనీ, సోమవారం నుంచి డ్యూటీ అనీ చెప్పింది.

ఆ రెండు ముక్కలతో అతనికి కథంతా అర్థమైపోయింది. మనిషి ఆవలిస్తే పేగులు లెక్కపెట్టగలనని అతనికి తన మీద గట్టి నమ్మకం. కాన్పు సెలవులు అయిపోయాయి. ఆఫీసువాళ్ళు రమ్మంటున్నారు. పాపని ఎవరో ఆయా చేతిలో పెట్టి వెళ్ళాలంటే ప్రాణం ఒప్పుకోవడం లేదు. ఇలాంటి తల్లులు వారానికి ఒకరైనా వస్తారు.

"ఆయా దొరికిందా మేడమ్?"

"దొరికింది."

"నమ్మకమైన మనిషేనా?"

"అది ముఖం మీద రాసుండదు కదండీ."

బాగా చెప్పారన్నాడతను. వెంటనే తన ఫోన్లో ఒక వీడియో పెట్టి చేతికిచ్చాడు. అందులో ఒక ఆయా ఏడుస్తున్న పసివాడి నోట్లో చెంచా కుక్కుతోంది. మింగలేదని వీపు మీద చరిచింది. మామూలుగా ఇక్కడికే తల్లుల కళ్ళు తడుస్తాయి, బేరం తెగుతుంది.

ఆమె కళ్ళు తుడుచుకోలేదు. చివరిదాకా చూసి, మళ్ళీ మొదటికి జరిపి ఇంకోసారి చూసింది.

"చెయ్యి ఎత్తడం, కొట్టడం రెండూ విడివిడిగా తెలుస్తున్నాయి," అంది. "ఇది ఏ కెమెరా?"

అతను కాస్త తడబడి, దానికంటే మంచిదే ఉందంటూ గోడ గడియారం ఒకటి తీశాడు. చూడ్డానికి గడియారమే, లోపల కెమెరా. ఆయాకే కాదు, బ్రహ్మదేవుడికి కూడా తెలియదన్నాడు. ఆమె దాన్ని ముట్టుకోనైనా లేదు. కెమెరా ఉందని తెలియాలంది. తెలిస్తే జాగ్రత్తపడుతుంది, ఇక దొరకదు కదా అని అతని బాధ.

"జాగ్రత్తగా ఉంటే పాపకి మంచిదే కదండీ."

అతను గడియారాన్ని పక్కన పెట్టేశాడు. అట్టపెట్టెలు ఒక్కొక్కటే కౌంటరు మీదికి చేరాయి. ఆమె కళ్ళజోడు పెట్టుకుని అన్నిటినీ విప్పించి చూసింది. ఉయ్యాల, పాలు కాచే స్టవ్వు, స్నానం చేయించే తొట్టి, అన్నీ కనబడాలంది. ఏ మూలా చాటు మిగలకూడదంది. మాటలు కూడా వినబడాలంది. రేపు పాపని తిట్టిందన్న మాట వస్తే తిట్టిందో లేదో తేలాలి కదా అంది. కరెంటు పోతే ఏమవుతుందని అడిగింది. బ్యాటరీతో నడుస్తుందని చెబితే, ప్లగ్గు పీకించి నడుస్తోందో లేదో చూసింది.

తర్వాత ఆమె అడిగిన ప్రశ్న ఆ కౌంటరు ముందు ఎవరూ అడగనిది.

"రికార్డయింది ఎవరైనా చెరిపేయగలరా?"

"ఇంట్లో ఆయా చెరపలేదు మేడమ్. యజమాని ఫోన్లోంచి మాత్రమే అవుతుంది."

"యజమాని కూడా చెరపలేనిది ఉందా?"

అతను నవ్వాడు. సొంత ఇంటి బొమ్మని ఎవరు చెరుపుకుంటారన్నాడు. ఆమె నవ్వలేదు. కోపంలో మనుషులు ఏం చేస్తారో చెప్పలేమంది.

ఈ తల్లికి ఇదివరకెప్పుడో గట్టి దెబ్బే తగిలిందని అతనికి అనిపించింది. ఆయాల వల్ల ఏమైనా అనుభవమైందా అని గొంతు తగ్గించి అడిగాడు. ఆమె కళ్ళజోడు తీసి కౌంటరు మీద పెట్టింది.

"ఒక బాబుకి చెయ్యి కమిలింది. ఆ పూట ఆయా తప్ప వాడి దగ్గర ఎవరూ లేరన్నారు."

"కొట్టిందన్నమాట."

"అందరూ అదే అనుకున్నారు."

"ఒప్పుకుందా?"

"లేదు."

"ఎందుకు ఒప్పుకుంటుంది! తరిమేశారా?"

"ఆ రోజే. చుట్టుపక్కల ఇళ్ళకి కూడా చెప్పారు. ఏడాదిపాటు ఎవరూ గుమ్మం ఎక్కనివ్వలేదు."

"మంచి పని చేశారు."

ఆమె టీవీల వైపు చూసింది. తర్వాత నెమ్మదిగా, ఆ పూట ఆ గదిలో కెమెరా ఉండుంటే ఎంత బాగుండేదో అంది. నేను ఇరవయ్యేళ్ళుగా మొత్తుకుంటున్నది అదే మేడమ్ అంటూ అతను హుషారుగా లోపలికెళ్ళి, అన్నిటికంటే పెద్ద పెట్టె తెచ్చాడు. అందులో రికార్డయినది రెండు చోట్ల నిలవ ఉంటుంది. నెల తిరిగేదాకా ఎవరి తరమూ కాదు దాన్ని చెరపడం. భార్యాభర్తలిద్దరి ఫోన్లలోనూ కనబడుతుంది. ధర చెప్పేటప్పుడు మాత్రం అతని గొంతు కొంచెం తగ్గింది.

ఆమె బేరమాడలేదు. సారుని ఒక మాట అడుగుతారా అంటే, కొనేది నేనేనంది. సంచిలోంచి డబ్బు తీసి ఇచ్చింది. బిగించే మనిషిని ఆదివారం పంపమని ఇంటి నంబరు చెప్పింది.

అతను గుమ్మందాకా వచ్చి సాగనంపాడు. మీలాంటి తల్లి ఉంటే ఏ ఆయా ఆటలూ సాగవన్నాడు. ఆమె తల ఊపి, పెట్టె ఎత్తుకుంది.

పెట్టె బరువుగానే ఉంది. ఆటో దిగి, రెండంతస్తులు మోసుకుంటూ ఎక్కి, బెల్ కొట్టింది. తలుపు తెరుచుకోగానే పెట్టెని గుమ్మం ముందు దించి, ఆయాసం తీరకుండానే చెప్పింది.

"అమ్మగారూ, ఇవి బిగించి, అయ్యగారి ఫోన్లోనూ మీ ఫోన్లోనూ కనబడుతున్నాయని చూసుకున్నాకే పాపని నా చేతికివ్వండి."