ఏ మొక్కకి?

"ఏ మొక్కకి?"

కుండీల షాపామె నోట ముందుగా వచ్చే మాట అదే. దానికి జవాబు రానిదే ఆమె కుండీ అమ్మదు. ఎంత బతిమాలినా అమ్మదు.

"కాలి కొలత చెప్పకుండా చెప్పులు కొంటారా?" అని దబాయిస్తుంది.

ఇంకో ప్రశ్న కూడా అడుగుతుంది. అది వ్యాపారం కోసం కాదు.

"పొద్దున తెల్లగా పూసి, సాయంత్రానికి అంచులు ఎర్రబడే గులాబీ ఎక్కడైనా చూశారా?"

ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉంది. ఎవరూ చూడలేదు.

ఒకరోజు సైకిలుకు స్టాండు వేసి లోపలికి వచ్చిన పెద్దాయన్నీ అడిగింది.

"ఎందుకమ్మా?" అన్నాడాయన.

"మా అమ్మ నాటిన చెట్టండీ. అద్దె ఇంట్లో ఉండేది. నా చిన్నప్పుడు ఉన్నట్టుండి ఖాళీ చేయాల్సి వచ్చింది. నేలలో ఉన్నదాన్ని ఎక్కడ తెస్తాం? నేను నా కాళ్ళమీద నిలబడి వెళ్ళేసరికి అక్కడ ఇల్లే లేదు, పడగొట్టేశారు. వాళ్ళ చేతులు పడిపోను, ఒక్క చెట్టును పక్కకు తీసి పెట్టలేకపోయారు."

పెద్దాయన తల దించుకుని దగ్గర్లో ఉన్న మట్టికుండీని వేలితో కొట్టి చూశాడు.

"అమ్మ ఉందా?"

"ఉంది, వెనక గదిలో. చూపు ఆనదు. నేను తెచ్చిన ప్రతి గులాబీనీ వాసన చూసి, ఇది కాదే అంటుంది. ఆ మాట వినలేక చస్తున్నాను."

ఆయన కుండీ లోతును జేనతో కొలిచాడు.

"నేలలో పాతుకుపోయిన చెట్టు కుండీలో బతుకుతుందామ్మా?"

"ఏ చెట్టు?"

"ముళ్ళ చెట్టులే. బతికితే తెచ్చి చూపిస్తా."

నిమ్మ కాబోలు అనుకుంది ఆమె. "కొమ్మ నాటుకోండి, సులువు."

"చాలాసార్లు నాటాను. ఒక్కటీ బతకలేదు."

అది మొదలు వారం వారం తయారు. ఒకసారి మట్టికుండీ మంచిదా, సిమెంటుదా అని. ఇంకోసారి కొబ్బరిపొట్టు ఎంత, ఇసుక ఎంత, ఎరువు ఎంత అని. చెప్పినదంతా చీటీ మీద రాసుకునేవాడు. కొనేది మాత్రం ఏమీ లేదు.

"ఒకసారి తవ్వాక మళ్ళీ నేలలో పెడితే నిలదొక్కుకోదమ్మా. ముసలి చెట్టు. ఒక్క దెబ్బకు సరిగ్గా జరగాలి" అనేవాడు.

మొదట్లో ఓపిగ్గానే చెప్పింది. రానురాను సైకిలు గంట వినబడితే చాలు, "వచ్చాడు నా ప్రాణానికి" అని గొణుక్కునేది.

ఆరోవారం వచ్చినప్పుడు వాకిట్లో లారీ ఆగి ఉంది. రెండు వందల కుండీలు దిగుతున్నాయి, నాలుగు పగిలాయి కూడా. కుండీలు ఇంకా రాలేదని చెవి దగ్గర ఫోన్‌లో హోటల్ మేనేజరు అరుస్తున్నాడు.

"తవ్వేశానమ్మా" అన్నాడు పెద్దాయన, రొప్పుతూ. "వేళ్ళకు తడిగుడ్డ చుట్టి ఇంట్లో పెట్టి వచ్చాను. ఏ కుండీ ఇస్తావు?"

ఆమె తలెత్తలేదు. "ఆ నీలం టబ్బు పట్టుకెళ్ళండి. పక్కనున్న మట్టి నింపేయండి."

"అది బంకమట్టి కదమ్మా. టబ్బుకు అడుగున చిల్లు కూడా లేదు."

"మీరే పెట్టుకోండి. అన్నీ నేనే చెప్పాలా?"

"అది నాది కాదమ్మా. దాని మనుషులకు ప్రాణంతో అప్పజెప్పాలి. అందుకే ఇంత భయం."

"అయితే వెళ్ళి వాళ్ళనే అడగండి."

పెద్దాయన నోరు తెరిచాడు. ఏమనుకున్నాడో, మళ్ళీ మూసుకున్నాడు. టబ్బునూ మట్టి సంచీనీ సైకిలుకు కట్టుకుని వెళ్ళిపోయాడు.

ఏ మొక్కకి అని ఆ రోజు ఆమె అడగనేలేదు.

రెండు నెలల తర్వాత ఒక పెద్దావిడ ఆటోలో వచ్చింది. నీలం టబ్బు దించించింది. దాన్నిండా మురిగిన నీళ్ళు. మధ్యలో ఆకు లేని మోడు.

"టబ్బుకు చిల్లు పెట్టేలోపే మా ఆయన మంచం పట్టాడమ్మా. మొక్క ఎండిపోతుందని నేనే పాతేశాను. రోజూ నీళ్ళు పొయ్యమన్నాడు, పోశాను."

షాపామె గోటితో బెరడు గీకింది. పైన గోధుమరంగు. మధ్యలో గోధుమరంగు. మొదలు దగ్గరా అదే. ఆ ముళ్ళు నిమ్మవి కావని అప్పుడు చూసింది.

"చచ్చిపోయింది పెద్దమ్మా."

"తెలుసు. అయినా మీకే ఇవ్వమన్నాడు. పోయేముందు కూడా అదే మాట. తవ్వే రోజు ఒక పువ్వు ఉంటే కోసి దాచాడు, మీ అమ్మగారికట."

కాగితం పొట్లం విప్పితే ఎండిన రేకలు. తెల్లవి. అంచులు ఎర్రవి.

షాపామె వెనక గదికి వెళ్ళి పొట్లం తల్లి చేతిలో పెట్టింది. తల్లి దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఈసారి ఇది కాదే అనలేదు. పొట్లం గుండెలకు అదుముకుంది.

"ఎవరు దాచారే దీన్ని ఇన్నాళ్ళూ?" అంది.

షాపామె గుమ్మంలో నిలబడిన పెద్దావిడ వైపు తిరిగింది.

"ఎక్కడ దొరికింది ఆయనకి?"

"ఆ ఇల్లు పడగొట్టడానికి వెళ్ళిన మేస్త్రీ ఆయనేనమ్మా, గోడ మీద మొదటి దెబ్బ వేసేముందే చెట్టును తవ్వి తెచ్చి, ఎవరైనా అడుగుతూ వస్తారని ఇన్నేళ్ళూ మా పెరట్లో కాపాడాడు."