చప్పుడు కాకుండా

"మీ ఇబ్బందేమిటో నెమ్మదిగా చెప్పండి సార్, వింటున్నాను," అంటూ వెనక్కి తిరిగింది తల్లి. ఇంట్లోనే ఉండి, ఒక కంపెనీకి వచ్చే ఫోన్లు ఎత్తడం ఆమె ఉద్యోగం. గుమ్మంలో ఐదేళ్ల కూతురు చేతికి తడిగుడ్డ చుట్టుకుని నిలబడి ఉంది.

ఫోను పెట్టేశాక గుడ్డ విప్పి చూస్తే, అరచెయ్యంతా బొబ్బలు.

"అయ్యో నా తల్లీ! ఎప్పుడు కాలింది?"

"ఇందాక, నువ్వెవరో ఆంటీతో మాట్లాడుతున్నప్పుడు. పాలగిన్నె పట్టుకున్నా."

"కేకెయ్యొచ్చు కదే!"

"ఫోన్లో చప్పుడు వినబడితే జీతం కోస్తారన్నావుగా. దిండులో మొహం పెట్టి ఏడ్చా."

ఆ జీతానికి తానొక్కతే కష్టపడుతున్నానని ఇన్నాళ్లూ అనుకుంది తల్లి. పాపను ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తింది. దారిలో, "గట్టిగా ఏడువమ్మా," అంది.

పాప చుట్టూ చూసి, "ఫోను తేలేదుగా?" అని గుసగుసగా అడిగింది.