పేరు చెప్పండి

మందుల షాపులు మూసేశాక ప్రతి వంటింటి గోడకీ ఒక మాత్రల డబ్బా బిగించారు. కడుపుతో ఉన్నవాళ్ళకి ఎర్ర మాత్ర, బాలింతలకి తెల్ల మాత్ర, పొద్దున్నే పేరు పెట్టి పిలిచి మరీ ఇస్తుంది.

మా అమ్మాయి హైమకి ఎనిమిదో నెలలోనే కాన్పయింది. చచ్చిన పిల్ల పుట్టి ఇవాళ్టికి నాలుగో రోజు. ఒళ్ళు కాలిపోతోంది, మంచం దిగలేకపోతోంది. ఆ పాడు డబ్బా మాత్రం, "హైమా, తొమ్మిదో నెల పడింది, శుభం!" అంటూ ఎర్ర మాత్ర రాల్చింది.

"కాన్పయిపోయిందే, మాయదారిదానా! బాలింత మాత్ర ఇవ్వు," అన్నాను.

"సంతోషం. పాపా, బాబా?"

"పాప. కానీ దక్కలేదు."

"పాప పేరు చెప్పండి."

"పిల్లే లేదంటుంటే పేరేమిటే?"

"పేరు లేనిదే బాలింతగా మార్చలేను."

పుట్టకముందే పేరు అనుకుంటే అచ్చిరాదని హైమ నోరు మూయించింది నేనే. ఇప్పుడు ఏదో ఒకటి చెప్పేద్దామని డబ్బా దగ్గరికి జరిగాను.

"సంపెంగ," అంది హైమ మంచంలోంచి. ఎప్పుడనుకుందో ఏమో.

తెల్ల మాత్ర పడింది. దాని వెనకే వేలెడంత చుక్కలమందు సీసా.

"ఇది సంపెంగకి," అంది డబ్బా. "రోజూ పొద్దున్నే పేరు పెట్టి పిలుస్తాను."