జీప్నీ అద్దం మీది పేరు

పేరు మార్చొద్దని అడ్డం తిరిగింది లిగాయ ఒక్కతే.

మనీలాలోని ఆ పేట పేరు పుయెర్తో బకావన్. దాన్ని అన్సెల్మో దుమలాగన్ పేటగా మార్చమని అక్కడివాళ్ళే కోరారు. సైనిక పాలనలో రేవు కూలీల పక్షాన నిలబడినవాడు అన్సెల్మో. నవంబరులో అందరూ సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించే రోజున కొత్త పేరు పలక కట్టాలని వాళ్ళ ఆశ.

నగర కార్యాలయం నుంచి పేటవాళ్ళ సమావేశానికి వచ్చిన ఎర్విన్ కుర్రవాడు. రాగానే పెద్దావిడన్న గౌరవంతో లిగాయ చేతిని నుదుటికి ఆనించుకున్నాడు. ఇప్పుడు మాత్రం అతనికి విసుగొస్తోంది.

"ఆ పాత పేరులో ఏముంది పిన్నీ?"

ఆమె ఓపికగా చెప్పింది. బకావన్ అంటే టగాలోగ్ భాషలో మడచెట్టు. స్పెయిన్ వాళ్ళు వచ్చి ఆ చెట్ల మధ్య ఓడలు ఆపుకుని, తమ భాషలో పుయెర్తో అని ముందు తగిలించారు. అంటే రేవు. తర్వాత చెట్లు కొట్టేశారు. రేవు పూడ్చి ఇళ్ళు కట్టారు. పేరొక్కటే మిగిలింది.

"ఎప్పుడో వెళ్ళినవాడు తిరిగొస్తే, జీప్నీ బండి అద్దం మీద ఏ పేరు చూసుకుని ఎక్కుతాడు బాబూ?"

"అంత పాతకాలంలో వెళ్ళినవాడు ఇంకేం వస్తాడు?" ఎర్విన్ నవ్వాడు.

అతనితో పాటు ఎవరూ నవ్వలేదు.

ఈమధ్యే అద్దెకు దిగినవాడొకడు వెనక నుంచి గొణిగాడు. "సమాధుల పండక్కి ఒక్క కొవ్వొత్తి వెలిగించదు. పోయినవాళ్ళ విలువ ఈవిడకేం తెలుసు?"

పక్కింటి బెర్తా అతనివైపు గుడ్లురిమి చూసింది. లిగాయ చెయ్యి పట్టుకుని, "కూర్చో వదినా. మంచికేగా చేస్తున్నాం" అంది.

"బతికున్నవాళ్ళ పేరు పెట్టకూడదటగా?" లిగాయ ఎర్విన్‌ని అడిగింది.

"పెట్టం పిన్నీ. చనిపోయినవాళ్ళదే పెట్టాలి, అది రూలు."

చేతులెత్తమన్నారు. ఒక్కొక్కటే లేచాయి. చివరికి బెర్తా కూడా తల దించుకునే చెయ్యెత్తింది. లిగాయ చేతులు ఒళ్ళోనే ఉండిపోయాయి.

కాగితాలు సర్దుకుంటూ ఎర్విన్ ఉండబట్టలేక అడిగాడు. "అంత మంచి మనిషి, మీకేం అన్యాయం చేశాడు పిన్నీ?"

లిగాయ మెల్లగా లేచింది.

"ఏమీ చెయ్యలేదు బాబూ, అన్నం వేళకి వచ్చేస్తానని చెప్పి సైనికుల బండెక్కాడు మా ఆయన, ఇంకా రాలేదంతే."