ముప్పై ఏళ్ల చెవులు

"కారు కీచుమంటుంది నర్సూ. బ్రేక్ ప్యాడ్లు అరిగినయ్."

అంబాదాస్ ఆ ఎలక్ట్రిక్ కారు కొని ఏడాది కాలేదు.

"షోరూముకు తీస్కపోరాదయ్యా," అంది గడపలో బీడీలు చుడుతున్న భార్య నర్సుబాయి.

"వాళ్లకేం సమజైతది? ముప్పై ఏండ్లు మగ్గాలు నడిపిన చెవులివి. ఇరవై మగ్గాల్ల ఏది బిగడ్ అయిందో ఆవాజ్ తోనే చెప్త!"

ఆ రోజు మగ్గాలకు సెలవు. వాళ్ల పేట, కుంఠా నాకా, అంతా నిశ్శబ్దంగా ఉంది. అంబాదాస్ దుకాణంలో కొత్త ప్యాడ్లు కొనుక్కొచ్చి, వాకిట్లోనే కారుకు జాకీ పెట్టి, చక్రాలు విప్పి, ఉన్న ప్యాడ్లు తీశాడు. తీసినవీ తెచ్చినవీ పక్కపక్కన పెట్టి చూస్తే మందం ఒక్కటే. మసి ఉన్నవే పాతవని తీర్మానించి అవతల పారేసి, మిగిలినవి బిగించాడు.

కొంతం చౌక్ దాకా నడిపి వచ్చి, కారు ఆపి దిగాడు. తాళంచెవి భార్య బీడీల చాటలోకి విసిరాడు.

"డూప్లికేట్ మాల్ ఇచ్చిండు దొంగ! నువ్వే విను, ఇగో, ఇప్పుడు గుడ కీచుమంటనే ఉంది!"

నర్సుబాయి కాసేపు విన్నది. మగ్గాల మోతలో సైగలతో మాట్లాడుకునే అలవాటు కొద్దీ, చాటలోని తాళంచెవి ఎత్తి చూపించింది. ఆగి ఉన్న కారు వైపు వేలు చాపింది.

తర్వాత అదే వేలు మొగుడి చెవికి ఆనించింది.