చీటీ మీద బరువు

“ఈ పార్సిల్ ఏ ఊరికో, చీటీ అంటించలేదే!” అన్నాడు పార్సిల్ ఆఫీసులో ప్యాకింగ్ మనిషి.

చెప్పులు విప్పి కాటా మీద నిలబడ్డ తూకం గుమస్తా నవ్వలేదు. అంకె ఎనభై తొమ్మిది దగ్గర ఆగింది. దిగి మళ్లీ ఎక్కాడు. జేబులోంచి తాళాలు తీసి పక్కన పెట్టి, ఊపిరి బిగబట్టి కూడా చూశాడు. ఎనభై తొమ్మిదే.

“కాటా పాడైంది,” అన్నాడు.

“నిన్ననేగా పరీక్షించి ముద్ర వేసి వెళ్లారు? కాటాకేం, బాగానే ఉంది. పాడైంది మీ ఫోను.”

ఆ మాట అతనికి ఎక్కడో కాలింది. ఫోన్లో ఒక యాప్ ఉంది. రోజంతా తిన్నది దానికి ఎక్కించి, ముగించు అన్న మీట నొక్కగానే దైవవాక్కు పలుకుతుంది: ప్రతి రోజూ ఈ రోజులాగే ఉంటే, ఐదు వారాల్లో మీ బరువు 82.7 కిలోలు. నెల దాటింది. ప్రతి రోజూ ఆ రోజులాగే ఉంది. బరువు మాత్రం ఎనభై ఎనిమిది దగ్గర బయల్దేరి ఎనభై తొమ్మిదికి చేరింది. అయినా యాప్ నదురూ బెదురూ లేకుండా రోజూ అదే పాట పాడుతోంది.

సరదాకి తగ్గడమైతే గొడవే లేదు. అతని అక్కకి రెండు కిడ్నీలూ చెడిపోయాయి. వారానికి మూడు రోజులు ఆస్పత్రి మంచం మీద పడుకుని రక్తం శుభ్రం చేయించుకుంటోంది. తమ్ముడి కిడ్నీ సరిపోతుందని పరీక్షల్లో తేలింది. “ముందు ఎనభై మూడు లోపుకి రండి. ఆ తరవాతే మీ ఒంటి మీద కత్తి పెడతాను,” అని డాక్టరు ఐదు వారాలు గడువిచ్చాడు.

మొదట అక్క ససేమిరా అంది. “ఇద్దరు చంటిపిల్లల తండ్రివి. నీ ఒంట్లోది కోసి నాకివ్వడమేంట్రా? కిడ్నీ కోసం కాచుకున్నవాళ్ల లిస్టులో నా పేరుందిగా, వంతు వచ్చినప్పుడే వస్తుంది.”

“నిన్నెవరూ అడగలేదు,” అని తమ్ముడు కసిరాడు. భార్య ఏదో అనబోతే ఆమెనీ కసిరాడు. ఆ పూట ఆడవాళ్లిద్దరూ గిన్నెలు కడుగుతూ చాలాసేపు వంటింట్లోనే ఉండిపోయారు. బయటికి వచ్చాక అక్క ఒకటే మాట అంది: “సరే, తగ్గి చూపించు.”

అక్క బడిలో లెక్కల టీచరు. ఆస్పత్రి లేని రోజుల్లో సాయంత్రం వచ్చి, పిల్లలకని తెచ్చిన సంచీ మరదలి చేతికిచ్చి, కుర్చీలో కూర్చుని ఆ ఫోన్ని ఉతికి ఆరేసేది.

“ఒక్క రోజు తిండిని ముప్పై అయిదుతో గుణించి జాతకం చెబుతోందా? మా ఆరో తరగతి వెధవలు ఇలా చేస్తే సున్నా వేస్తాను.”

“ఇది సైన్సు అక్కా! ఒక్క మెతుకు వదలకుండా ఎక్కిస్తున్నాను. ఇదిగో, కూరగాయల సూప్, ఒక గిన్నె, తొంభై క్యాలరీలు.”

“తొంభై అని నీకెవరు చెప్పారు?”

“యాప్.”

“కూరగాయల సూప్ అని యాప్‌కి ఎవరు చెప్పారు?”

“నేను.”

“బాగుంది. నువ్వు చెప్పింది అది నమ్ముతుంది, అది చెప్పింది నువ్వు నమ్ముతావు. మీ ఆఫీసులో పార్సిల్ విప్పి చూస్తారా?”

“విప్పం. చీటీ మీద రాసింది చాలు.”

“అదీ సంగతి. దానికీ నీకూ జోడీ బాగా కుదిరింది!”

వంటింట్లోంచి భార్య పకపకా నవ్వింది. అతనికి ఒళ్లు మండింది. పట్టుదలగా సూప్ గిన్నె ఎత్తి ఆఖరి చుక్కదాకా తాగాడు. “ఏమాటకామాటే, ఈ మధ్య నీ చేతి వంట అమృతంలా ఉంటోందోయ్,” అన్నాడు.

“కడుపు మాడ్చుకుంటున్నారుగా, అలాగే ఉంటుంది లెండి,” అందామె.

గడువు రోజు ఆస్పత్రి కాటా 89.4 చూపించింది. డాక్టరు ఫోన్లోని జాబితా పైనుంచి కిందదాకా చదివాడు.

“ఇదంతా నిజమైతే ఈపాటికి మీ ప్యాంటు జారిపోవాలి. దారిలో బేకరీ ఏమైనా ఉందా?”

“ఒట్టు సార్! బయట మంచినీళ్లు కూడా ముట్టడం లేదు. మూడు పూటలా మా ఆవిడ చేసి పెట్టిందే.”

“మరి ఈ యాప్‌ని నమ్మాలా, నా కాటాని నమ్మాలా? ఇంకో ఐదు వారాలు చూస్తాను. అప్పటికీ ఇంతే అయితే మీ పేరు కొట్టేస్తాను. లిస్టులో మీ అక్కగారి పేరు ఎలాగూ ముందుకి జరుగుతోంది.”

ఇంటికి వచ్చేసరికి అక్క కాచుకుని ఉంది. “ఏమంటున్నాడ్రా నీ జేబులో జ్యోతిష్కుడు?”

అతను తలెత్తలేకపోయాడు. “నీ కోసం ఆరు కిలోలు కరిగించలేకపోయాను అక్కా.”

అక్క వెటకారం ఆగిపోయింది. చిన్నప్పటిలాగా అతని జుట్టు చెరిపింది. “ఆ దరిద్రాన్ని అవతల పారెయ్యరా.”

“పారెయ్యను. ఇంకో ఐదు వారాలుంది. ఈసారి అన్నం, రొట్టె అన్నీ మానేసి సూప్ ఒక్కటే తాగుతాను. చూస్తూ ఉండు!”

“అలాగే తాగు,” అంది అక్క, మొహం అటు తిప్పుకుని.

మొహం కడుక్కుని తువ్వాలు వెతుక్కుంటూ అతను వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. పొయ్యి మీద సూప్ కాగుతోంది. అక్క పక్కన అటు తిరిగి నిలబడ్డ భార్య చెంచాతో ఏదో డబ్బా అడుగు గీకుతోంది.

“అడుగంటింది వదినా. ఇంకో ఐదు వారాలంటే ఏం చాలుతుంది?”

“రేపు ఇంకో రెండు డబ్బాల వెన్న తెస్తాలే,” అంది అక్క.