గంగుబాయికి అర్థమైతేనే

“నాకు అర్థం కాలే,” అంది చివరి బెంచీ మీద కూర్చున్న ఆయా గంగుబాయి.

నవనీత చేతిలో చాక్‌పీసు ఆగిపోయింది. ఐదో తరగతి పిల్లలు కిసుక్కుమన్నారు. గోడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్న కరస్పాండెంట్ శ్రీధర్‌రావు మాత్రం నవ్వలేదు.

లక్సెట్టిపేటలోని ఆ ప్రైవేటు బడిలో టీచరుగా చేరాలంటే బి.ఇడి. ఒక్కటే సరిపోదు. డెమో క్లాసు చెప్పాలి. చెప్పింది పిల్లలతోపాటు గంగుబాయికి కూడా అర్థం కావాలి. ఆమె ఏనాడూ పలక పట్టలేదు కాబట్టి, ఆమె బుర్రకెక్కితే ఇంకెవరికైనా ఎక్కుతుందని శ్రీధర్‌రావు లెక్క. ఎంతెంత చదివినవాళ్ళ కొలువైనా ఆమె తల ఊపడం మీదే ఆధారపడి ఉండేది. వినడానికి వింతే గానీ, అక్కడ అదే రివాజు.

నవనీతకు ఇది మూడో బడి. ముందటి రెండు బడులవాళ్ళూ “ఫోన్ చేస్తం” అన్నారు. ఆ ఫోన్లు ఇంకా రాలేదు.

“ఏం అర్థం కాలేదో చెప్పుండ్రి,” అంది ఆయా వైపు సూటిగా చూడకుండా.

“మూడో వంతు పెద్దది, నాలుగో వంతు చిన్నది అంటున్నరు మేడం. మూడు కన్న నాలుగు పెద్దది గద?”

నవనీత బోర్డు మీద మళ్ళీ సున్నాలు చుట్టింది. ముక్కలుగా గీసింది. రంగు చాక్‌పీసుతో నింపింది. పిల్లలంతా “ఓ” అన్నారు.

“కాలే,” అంది గంగుబాయి.

“జొన్నరొట్టె ఒకటున్నదనుకోండ్రి...”

“అనుకుంటె కడుపు నిండుతదా మేడం?”

క్లాసు గొల్లుమంది. గంగుబాయి పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

శ్రీధర్‌రావు వాచీ చూసుకుని లేచాడు. “ఇగ చాలమ్మా. మేం ఫోన్...”

“ఒక్క ఐదు నిమిషాలు సార్!” నోటికాడి ముద్దను ఎవరో లాక్కుపోతున్నట్టు అడ్డుపడింది నవనీత.

గబగబా వెనక బెంచీ దగ్గరికి పోయింది. డెమో అయ్యాక చాయ ఇవ్వడానికని గంగుబాయి తెచ్చిపెట్టుకున్న ట్రే అక్కడే ఉంది. అందులోంచి చిన్న చిన్న చాయ గ్లాసులు తీసి ఒక పక్క మూడు, ఒక పక్క నాలుగు పేర్చింది. ఒకే సైజు స్టీలు గ్లాసులు రెండు తీసుకుని, వాటి నిండా నీళ్ళు నింపింది. ఒకదానిలో నీళ్ళను ఇటు మూడింటిలోకి, రెండోదానిలో నీళ్ళను అటు నాలుగింటిలోకి సమానంగా పోసింది.

“మీకు మస్తు దూపయితున్నది. ఏ గ్లాసు తీసుకుంటరు?”

గంగుబాయి అటు చూసింది, ఇటు చూసింది. మూడు గ్లాసుల్లోంచి ఒకటి ఎత్తి గటగటా తాగేసింది.

“గదే మూడో వంతు!” నవనీత నోరు తెరవకముందే పిల్లలు అరిచారు.

“అంటే, ఎక్కువ మందికి పంచితె ఒక్కొక్కరికి తక్కువొస్తది. గంతేనా?” అడిగింది గంగుబాయి.

“గంతే.”

గంగుబాయి తల ఊపింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆమె ఖాళీ గ్లాసులు సర్దుతుంటే అవి ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి.

ఆఫీసు గదిలో శ్రీధర్‌రావు మొహం వెలిగిపోతోంది. “సెలెక్టయినవ్ బిడ్డా! రేపే జాయినింగ్.” చాయ తెచ్చిన గంగుబాయి వైపు తిరిగాడు. “నువ్వేంది, అందరికీ ఒక్కసారికే తల ఊపుతవ్. ఈ పిల్లను గంత పరేషాన్ చేసినవేంది?”

“పిల్లలు గింతకన్న ఎక్కువనే చేస్తరు సార్. తట్టుకుంటదా లేదా చూడొద్దా? రేపు ఎవలన్న, గీమెకు ఉత్తగనే నౌకరిచ్చిండ్రు అనొద్దు గద.”

“అదీ నిజమే.”

శ్రీధర్‌రావుకు ఇంకో రివాజు కూడా ఉంది. కొత్త టీచరు చేరే రోజు అమ్మానాన్నలను పిలిపించి, తన ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి, శాలువా కప్పి చాయ ఇప్పిస్తాడు.

“రేపు మీ అవ్వ బాపులను తోలుకరా.”

“బాపు లేడు సార్. అవ్వ ఉన్నది.” అంది నవనీత.

“అవ్వనే తోలుకరా. గిసువంటి బిడ్డను కన్నతల్లిని మేం చూడొద్దా? గంగుబాయీ, రేపు మేడం వాళ్ళ అవ్వ వస్తది. అల్లం దంచేసి మంచి చాయ పెట్టాలె, యాదుంచుకో!”

గంగుబాయి ట్రే బల్ల మీద పెట్టింది. చీర కొంగు సవరించుకుంది. బడిలో చేరిన ఇన్నాళ్ళలో మొదటిసారి తల పైకెత్తి, శ్రీధర్‌రావు కళ్ళలోకి చూసింది.

“రేపు చాయ ఇంకెవలకన్న చెప్పుండ్రి సార్. బిడ్డ కొలువుల చేరుతుంటె, అవ్వ కుర్చీల కూసోవాలె గద!”